ముగింపు తెలిసిన సీజన్‌ను మళ్లీ మొదటి నుంచి: ఫుట్‌బాల్ డాక్యుమెంటరీలు చూసేవారికి సమగ్ర మార్గదర్శి

1998 డిసెంబర్ 19న మాంచెస్టర్ యునైటెడ్ తన సొంత మైదానంలో మిడిల్స్‌బరో చేతిలో 3-2తో ఓడిపోయింది. ఆ సీజన్ లీగ్‌లో అది మూడో ఓటమి. ఇంకో ఐదు నెలల్లో ఇదే జట్టు మూడు కప్పులు గెలుస్తుందని ఆ రోజు ఓల్డ్ ట్రాఫర్డ్ నుంచి ఇంటికి వెళ్తున్నవాళ్లలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ సీజన్ మీద తీసిన డాక్యుమెంటరీ పెట్టుకుని కూర్చుంటే మాత్రం తీసినవాళ్లకూ తెలుసు, అందులో మాట్లాడే ఆటగాళ్లకూ తెలుసు, చూసే మనకూ తెలుసు. అందుకే ఇలాంటి సినిమాల్లో చాలావరకు తొమ్మిది నెలల సీజన్ నేరుగా కప్పు వైపే నడిచినట్టు కనిపిస్తుంది. ఓటములు క్షణాల్లో దాటిపోతాయి, గెలుపులు నిమిషాల తరబడి సాగుతాయి.

అభిమానికి గెలిచారన్న వార్త ఒక్కటే సరిపోదు. గెలుస్తారో లేదో తెలియక గడిపిన రోజులు కూడా కావాలి. ఆ టెన్షన్ లేకపోతే ఆనందం కూడా సగమే దక్కుతుంది. కింద చెప్పిన పద్ధతంతా ఆ టెన్షన్‌ను వీలైనంతగా వెనక్కి తెచ్చుకోవడానికే. ఒక నోటుపుస్తకం, కొన్ని వారాంతాలు, కాస్త ఓపిక ఉంటే చాలు.

1. ఒక్క సీజన్ ఎంచుకోండి, దాని ముందు ఏడాదిని కలుపుకోండి

క్లబ్బు వందేళ్ల చరిత్రను గంటన్నరలో చెప్పే సినిమాలు చాలానే ఉన్నాయి. కొత్తవాళ్లకు పరిచయంగా అవి బాగుంటాయి. మన పనికి మాత్రం సరిపోవు, ఎందుకంటే వాటిలో ఒక్కో కప్పుకు రెండు మూడు నిమిషాలకు మించి దొరకదు. ఒకే ఒక్క సీజన్ పట్టుకోండి. దానికి ముందు సీజన్ ఎలా ముగిసిందో కూడా తెలుసుకోండి.

ముందు ఏడాది ఎందుకంటే, కప్పు కథ చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. లెస్టర్ సిటీ 2015-16లో ఇంగ్లండ్ ఛాంపియన్ అయింది. అంతకు ముందు సీజన్‌లో, ఏప్రిల్ మొదట్లో, అదే జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. చివరి తొమ్మిది మ్యాచ్‌లలో ఏడు గెలిచి కింది డివిజన్‌కు పడిపోకుండా బయటపడింది. వేసవిలో మేనేజర్ నైజెల్ పియర్సన్‌ను తీసేసి క్లాడియో రనియెరీని తెచ్చారు. ఇదంతా తెలిసి చూస్తే, బుకీలు ఆ జట్టు మీద 5000-1 (ఒక పౌండ్ పందెం కాస్తే ఐదు వేలు) ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. తెలియకపోతే అది విని మరిచిపోయే ఒక పెద్ద అంకె, అంతే.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సంగతీ ఇంతే. 1977లో రెండో డివిజన్‌లో మూడో స్థానంతో పైకి వచ్చిన జట్టు అది. మరుసటి ఏడాదే మేనేజర్ బ్రయన్ క్లఫ్ కింద లీగ్ గెలిచింది, ఆపై 1979, 1980లలో వరుసగా యూరోపియన్ కప్ (నేటి ఛాంపియన్స్ లీగ్) గెలిచింది. 2015లో వచ్చిన ‘ఐ బిలీవ్ ఇన్ మిరకిల్స్’ ఈ కాలం మీద తీసినదే. ఆ సినిమా పెట్టే ముందు 1976-77 రెండో డివిజన్ చివరి పట్టికను ఒకసారి చూడండి. మూడో స్థానానికీ నాలుగో స్థానానికీ మధ్య తేడా చూశాక సినిమా మొదటి అరగంట వేరేలా కనిపిస్తుంది.

ఓటమే లేని సీజన్ ఎంచుకుంటే టెన్షన్ ఎక్కడుంటుందని అనుమానం రావచ్చు. ఆర్సెనల్ 2003-04 లీగ్‌లో 26 గెలుపులు, 12 డ్రాలు, సున్నా ఓటములు. కానీ ఆ ఏప్రిల్ చూడండి. 3న ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ సెమీస్‌లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఓడారు. 6న ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్‌లో చెల్సీ చేతిలో ఓడి బయటికి వచ్చారు. 9న లివర్‌పూల్‌తో లీగ్ మ్యాచ్‌లో సగం ఆట ముగిసేసరికి 2-1తో వెనకబడి ఉన్నారు. ఒకే వారంలో మూడు టైటిళ్లూ చేజారిపోయే పరిస్థితి. రెండో సగంలో థియరీ ఆన్రీ విజృంభించి హ్యాట్రిక్ పూర్తి చేశాక 4-2తో గెలిచారు. ఆ సీజన్‌కు గుండెకాయ ఆ 45 నిమిషాలే అని నా అభిప్రాయం. ఏ సీజన్ తీసుకున్నా ఇలాంటి వారం ఒకటి ఉంటుంది. ముందు దాన్ని వెతకండి.

2. సినిమా ఏ రకానిదో తేల్చుకోండి

ఛాంపియన్‌షిప్ డాక్యుమెంటరీలు స్థూలంగా మూడు రకాలు. ఏ రకమో తెలిస్తే దాని నుంచి ఏం ఆశించవచ్చో తెలుస్తుంది.

మొదటిది, ఏళ్ల తర్వాత ఆటగాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించినది. ఆర్సెనల్ 1989 టైటిల్ మీద 2017లో వచ్చిన ‘89’, మాంచెస్టర్ యునైటెడ్ మూడు కప్పుల సీజన్ మీద 2024లో ప్రైమ్ వీడియోలో మూడు భాగాలుగా వచ్చిన ‘99’ ఈ కోవలోవి. ఇందులో గొప్పతనం ఏమిటంటే, అప్పుడు బయటికి చెప్పలేని మాటలు పాతికేళ్లకు బయటికి వస్తాయి. లోపం కూడా అక్కడే ఉంది. జ్ఞాపకం గెలుపుకు తగ్గట్టు సర్దుకుంటుంది. ‘మాకు ముందే నమ్మకం ఉండేది’ అని ఎవరైనా అన్నప్పుడు ఆ మాట పక్కన నోటుపుస్తకంలో ఒక గుర్తు పెట్టుకోండి. ఓడిన ఏడాది కూడా అదే నమ్మకం ఉండి ఉంటుంది కదా.

రెండోది పూర్తిగా పాత దృశ్యాలతో అల్లినది. ఆసిఫ్ కపాడియా తీసిన ‘డియేగో మారడోనా’ (2019) దీనికి మంచి ఉదాహరణ. మారడోనా తొలి ఏజెంట్ పెట్టించిన కెమెరామెన్ తీసిన దృశ్యాలతో సహా, ఐదు వందల గంటలకు పైగా ఉన్న పాత ఫుటేజీలోంచి ఏరి కూర్చిన సినిమా అది. ఇప్పుడు రికార్డు చేసిన గొంతులు వినిపిస్తాయి గానీ, మాట్లాడేవాళ్ల ఇప్పటి ముఖాలు తెర మీదకు రావు. దాంతో మన కళ్లు 1984 నుంచి 1991 మధ్యనే ఉంటాయి. 1987 మే 10న ఫియొరెంటీనాతో 1-1 డ్రా చేసి నాపోలీ తొలిసారి ఇటలీ లీగ్ గెలిచినప్పుడు, డ్రెస్సింగ్ రూమ్‌లో పాడుతున్న కుర్రాళ్లు కుర్రాళ్లలాగే ఉంటారు. ఆ కాలంలోకి తీసుకెళ్లడంలో ఈ రకానికి సాటి లేదు.

మూడోది, సీజన్ జరుగుతుండగానే కెమెరాలు పెట్టి తీసినది. కెమెరా పెట్టిన రోజు ముగింపు ఎవరికీ తెలియదు. 2017-18లో సండర్లాండ్ మళ్లీ పై డివిజన్‌కు వెళ్తుందన్న ఆశల మధ్య షూటింగ్ మొదలైంది. జట్టు ఇంకో మెట్టు కిందికి పడిపోయింది. ‘సండర్లాండ్ టిల్ ఐ డై’ అలా తయారైంది. అది ఛాంపియన్‌షిప్ కథ కాకపోయినా మొదట దాన్ని చూడమంటాను. ఎడిటింగ్ బల్ల మీదికి వచ్చేసరికి ముగింపు అందరికీ తెలిసిపోయినా, ఆ ముఖాల్లో ఆ రోజు ఉన్న ఆశ అలాగే మిగిలి ఉంటుంది. గెలిచిన జట్ల మీద ఇలాగే తీసినవాటిలో ఆ ఆశనూ భయాన్నీ గుర్తుపట్టడం దీంతో అలవాటవుతుంది.

అదే సీజన్‌లో మాంచెస్టర్ సిటీ వెంట అమెజాన్ కెమెరాలు తిరిగాయి. 100 పాయింట్లు, 106 గోల్స్, లీగ్‌లో రెండే ఓటములు. అంకెలు చూస్తే ఎక్కడా ఒడుదొడుకులు లేని సీజన్ అనిపిస్తుంది. కానీ 2018 ఏప్రిల్ 4న ఛాంపియన్స్ లీగ్‌లో లివర్‌పూల్ చేతిలో 3-0, 7న గెలిస్తే టైటిల్ ఖాయమయ్యే మ్యాచ్‌లో 2-0 ఆధిక్యం నుంచి మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 3-2, 10న మళ్లీ లివర్‌పూల్ చేతిలో 2-1. వారంలో మూడు ఓటములు. ‘ఆల్ ఆర్ నథింగ్’ సిరీస్‌లో ఆ వారం వచ్చే చోట ఆగి, ముందుకూ వెనక్కూ తిప్పి చూడండి.

ఒకే సీజన్ మీద రెండు రకాలూ దొరికితే, జరుగుతుండగా తీసినది ముందు, గుర్తు చేసుకుంటూ తీసినది తర్వాత చూడాలి. తారుమారు చేస్తే మొదటిదాని విలువ పోతుంది.

3. సినిమా కంటే ముందు క్యాలెండర్

ఇది విసుగు పుట్టించే పనిలా అనిపిస్తుంది కానీ మొత్తం పద్ధతిలో దీనికి మించింది లేదు. ఎంచుకున్న సీజన్ మ్యాచ్‌లన్నీ తేదీల వారీగా నోటుపుస్తకంలో రాయండి. తేదీ, ప్రత్యర్థి, సొంత మైదానమా బయటిదా, ఏ పోటీ. ఫలితం కోసం ఒక గడి ఖాళీగా వదలండి. పట్టికలో స్థానానికి ఇంకో గడి. రెండూ చూస్తూ వెళ్లే కొద్దీ నింపాలి. ఫలితం ముందే తెలిసినా సరే, చేత్తో రాసే పని మాత్రం ఆ మ్యాచ్ దాకా వచ్చాకే చేయండి.

ఎందుకో 1999 ఏప్రిల్ చూస్తే తెలుస్తుంది. మాంచెస్టర్ యునైటెడ్ 7న సొంత మైదానంలో యువెంటస్‌తో ఛాంపియన్స్ లీగ్ సెమీస్ మొదటి మ్యాచ్ ఆడింది. ఇంజురీ టైమ్‌లో రయన్ గిగ్స్ గోల్‌తో 1-1 దక్కింది. 11న ఆర్సెనల్‌తో ఎఫ్ఏ కప్ సెమీస్, 0-0. 14న మళ్లీ అదే మ్యాచ్. 17న షెఫీల్డ్ వెన్స్‌డేతో లీగ్ మ్యాచ్. 21న టురిన్‌లో యువెంటస్‌తో రెండో మ్యాచ్. పదిహేను రోజుల్లో ఐదు మ్యాచ్‌లు, మూడు పోటీల్లో. అందులో 14వ తేదీ మ్యాచ్ అదనపు సమయం దాకా వెళ్లింది. రాయ్ కీన్‌కు రెడ్ కార్డ్ చూపించారు, చివరి నిమిషాల్లో డెనిస్ బెర్గ్‌క్యాంప్ పెనాల్టీని పీటర్ ష్మైకెల్ ఆపాడు, ఆ తర్వాత గిగ్స్ సగం మైదానం పరుగెత్తి గోల్ కొట్టాడు.

డాక్యుమెంటరీలో ఆ గోల్ వస్తుంది, అందరూ ఎగురుతారు, తర్వాత దృశ్యం టురిన్. మధ్యలో మూడు రోజులకే ఇంకో మ్యాచ్ ఉందనీ, 120 నిమిషాలు ఆడిన కాళ్లతోనే ఆ జట్టు మళ్లీ దిగాల్సి వచ్చిందనీ క్యాలెండర్ చెబుతుంది. ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి అని మేనేజర్ అలెక్స్ ఫెర్గుసన్ పడిన తర్జనభర్జన అప్పుడు మనకూ పట్టుకుంటుంది. ఫిబ్రవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద బెంచీ నుంచి వచ్చి నాలుగు గోల్స్ కొట్టిన యునైటెడ్ స్ట్రైకర్ సోల్షాయర్‌ను ఆ తర్వాత కూడా బెంచీ మీదే ఎందుకు ఉంచారన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ గడుల్లోనే దొరుకుతుంది.

పోటీలో ఉన్న రెండో జట్టు మ్యాచ్‌లు కూడా పక్కన రాసుకోండి. ఆ ఏడాది ఆర్సెనల్ మే 11న లీడ్స్ చేతిలో 1-0తో ఓడకపోయి ఉంటే చివరి రోజు లెక్కలు వేరేగా ఉండేవి. చివరికి యునైటెడ్ 79 పాయింట్లు, ఆర్సెనల్ 78.

4. ఆ కాలపు నియమాలు తెలుసుకోండి

పాత సీజన్‌ను నేటి నియమాలతో చూస్తే చాలా విషయాలు అర్థం కావు. ఇంగ్లండ్ లీగ్‌లో గెలుపుకు మూడు పాయింట్లు 1981లో వచ్చాయి, ఇటలీలో 1994-95లో. అంటే ఫారెస్ట్ 1977-78 టైటిల్, నాపోలీ 1986-87 టైటిల్ రెండూ గెలుపుకు రెండు పాయింట్లే ఉన్న రోజులవి. డ్రాకు అప్పట్లో విలువ ఎక్కువ. బయటి మైదానంలో 0-0 చేసుకుని సంబరపడుతున్న ఆటగాళ్లను చూసి ఆశ్చర్యపోనవసరం లేదు.

గోల్‌కీపర్‌కు సహచరుడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని చేత్తో పట్టుకోకూడదన్న నియమం 1992లో వచ్చింది. అంతకు ముందు ఆధిక్యంలో ఉన్న జట్టు అలా బంతిని వెనక్కి ఇస్తూ సమయం గడిపేయవచ్చు. యూరోపియన్ కప్ అప్పట్లో లీగ్ ఛాంపియన్లకూ, ముందు ఏడాది ఆ కప్పు గెలిచిన జట్టుకూ మాత్రమే, మొదటి రౌండ్ నుంచే నాకౌట్. ఒక్క చెడ్డ రోజు వస్తే ఇంటికే.

అన్నిటికంటే ముఖ్యం, బయటి మైదానంలో గోల్స్ నియమం. రెండు మ్యాచ్‌ల మొత్తం సమానమైతే బయట ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టు ముందుకు వెళ్లేది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ దీన్ని 2021లో తీసేసింది. టురిన్ మ్యాచ్‌నే తీసుకోండి. యువెంటస్ స్ట్రైకర్ ఇన్జాగీ మొదటి పదకొండు నిమిషాల్లోనే రెండు గోల్స్ కొట్టాడు. కీన్ ఒకటి తిరిగి ఇచ్చాడు. 34వ నిమిషంలో డ్వైట్ యార్క్ గోల్‌తో 2-2. నేటి కుర్రాడు చూస్తే ‘సమానమైంది’ అనుకుంటాడు. నిజానికి ఆ క్షణం నుంచి ఫైనల్‌కు వెళ్తున్నది యునైటెడ్. అక్కడి నుంచి యువెంటస్ ఎందుకంత కంగారుగా ఆడిందో ఈ నియమం తెలిస్తేనే అర్థమవుతుంది.

5. సినిమాను ముక్కలు చేసి, మధ్యలో పూర్తి మ్యాచ్‌లు పెట్టండి

డాక్యుమెంటరీని ఒక్క బిగిన చూడొద్దు. క్యాలెండర్ దగ్గర పెట్టుకుని, కథ ఒక నెల దాటిన చోట ఆపేయండి. మధ్యలో ఒక పూర్తి మ్యాచ్ చూడండి, తర్వాత మళ్లీ సినిమాకు రండి. సీజన్ మొత్తానికి నాలుగైదు పూర్తి మ్యాచ్‌లు చాలు. ఒక ఓటమి తప్పకుండా ఉండాలి. ఒక చప్పటి డ్రా ఉంటే మరీ మంచిది, ఎందుకంటే లీగ్ టైటిల్ సగం అలాంటి మ్యాచ్‌లలోనే నిలబడుతుంది. సీజన్ తిరిగిన మ్యాచ్ ఒకటి, చివరిది ఒకటి.

హైలైట్స్‌తో సరిపెట్టుకోకండి. 1999 మే 26న బార్సిలోనాలో బాయర్న్ మ్యూనిక్‌తో యునైటెడ్ ఆడిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ హైలైట్స్‌లో మూడు గోల్స్ కనిపిస్తాయి. ఆరో నిమిషంలో బాయర్న్ ఆటగాడు బాస్లర్ ఫ్రీకిక్, చివర్లో యునైటెడ్ తరఫున షెరింగ్‌హామ్, సోల్షాయర్. పూర్తి మ్యాచ్ చూస్తే వేరే కథ. ఎనభై నాలుగు నిమిషాలకు పైగా బాయర్న్ మ్యూనిక్ ముందుంది. మెహ్మెట్ షోల్ పైనుంచి లేపిన బంతి గోల్‌పోస్టుకు తగిలి కీపర్ చేతుల్లోకి వచ్చింది. కార్‌స్టెన్ యాంకర్ వెనక్కి పడుతూ తన్నిన బంతి క్రాస్‌బార్‌కు తగిలింది. పని అయిపోయిందన్నట్టుగా పదేళ్ల కంటే ఎక్కువ అనుభవమున్న లోథార్ మథేయస్‌ను బయటికి పిలిచారు. కీన్, స్కోల్స్ ఇద్దరూ సస్పెన్షన్ వల్ల ఆడని యునైటెడ్ మధ్య వరుస ఎంత తడబడిందో చూస్తూ ఆ గంటన్నర భరిస్తేనే చివరి మూడు నిమిషాలు అర్థమవుతాయి.

ఇంకో విషయం. టైటిల్ తేల్చిన మ్యాచ్ ఆ జట్టు ఆడినదే కానక్కర్లేదు. లెస్టర్ 2016 మే 2న మైదానంలో లేనే లేదు. ఆ రాత్రి, గెలిస్తేనే టైటిల్ పోటీలో మిగిలే టోటెన్‌హామ్ మొదటి సగంలో చెల్సీ మీద 2-0తో ముందుంది. రెండో సగంలో గ్యారీ కేహిల్ ఒకటి, 83వ నిమిషంలో ఎడెన్ అజార్ ఇంకొకటి కొట్టడంతో 2-2, లెస్టర్ ఛాంపియన్. లెస్టర్ సినిమా చూసేవాళ్లలో ఈ మ్యాచ్‌ను పూర్తిగా చూసేవాళ్లు తక్కువ. కానీ లెస్టర్ అభిమానులు ఆ రాత్రి చూసింది ఇదే కాబట్టి మీరూ ఇదే చూడాలి.

6. శబ్దం మీద ఒక కన్నేయండి

డాక్యుమెంటరీలో సంగీతం ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు పొంగిపోవాలో చెప్పేస్తుంది. పెద్ద గోల్ రాబోతుందని పది సెకన్ల ముందే చెవికి తెలిసిపోతుంది. ముఖ్యమైన ఘట్టాన్ని ఒకసారి శబ్దం తీసేసి చూడండి. తర్వాత అదే ఘట్టాన్ని ఆ రోజు ప్రసారమైన అసలు కామెంటరీతో వెతికి చూడండి. కామెంటేటర్‌కు తర్వాతి క్షణం తెలియదు. ఆయన గొంతు ఎక్కడ తగ్గింది, ఎక్కడ ఆగింది అన్నది గమనిస్తే చాలు. 1989లో ఆర్సెనల్‌కు టైటిల్ తెచ్చిన లివర్‌పూల్ మ్యాచ్‌కు బ్రిటిష్ ఛానల్ ఐటీవీ కోసం బ్రయన్ మూర్ చెప్పిన కామెంటరీ వినకుండా ఆ సీజన్ చూశామని అనుకోకండి.

7. ఓడినవాళ్ల వైపు నుంచి కూడా

ఈ భాగం వదిలేస్తే మిగతా శ్రమకు ఫలితం సగమే. 1989 టైటిల్‌నే చూడండి. చివరి రోజు, మే 26, ఆర్సెనల్ ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్‌ను కనీసం రెండు గోల్స్ తేడాతో ఓడించాలి. ఆర్సెనల్ అభిమాని తీసిన కథలో ఇది అసాధ్యాన్ని సాధించిన రాత్రి. అలన్ స్మిత్ ఒక గోల్, ఇంజురీ టైమ్‌లో మైకెల్ థామస్ ఇంకొకటి, 2-0. రెండు జట్లకూ 76 పాయింట్లు, గోల్ తేడా కూడా సమానంగా 37. కొట్టిన గోల్స్ 73-65 కాబట్టి ఆర్సెనల్ ఛాంపియన్.

ఇప్పుడు లివర్‌పూల్ వైపు క్యాలెండర్ రాయండి. ఆ మ్యాచ్ అసలు ఏప్రిల్ 23న జరగాల్సింది. ఏప్రిల్ 15న హిల్స్‌బరోలో ఎఫ్ఏ కప్ సెమీస్ సమయంలో జరిగిన తొక్కిసలాట లివర్‌పూల్ అభిమానుల ప్రాణాలు తీసింది. మృతుల సంఖ్య ఏళ్ల తర్వాత చేరిన పేరుతో కలిపి 97. మ్యాచ్ వాయిదా పడింది. ఆటగాళ్లు అంత్యక్రియలకు వెళ్లి వచ్చి మళ్లీ ఆడారు. మే 20న ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో ఎవర్టన్‌ను అదనపు సమయంలో ఓడించారు. 23న వెస్ట్‌హామ్‌తో లీగ్ మ్యాచ్ ఆడి 5-1తో గెలిచారు. 26న ఆర్సెనల్. ఆ సాయంత్రం ఆట మొదలయ్యే ముందు ఆర్సెనల్ ఆటగాళ్లు పూలగుత్తులు తెచ్చి మైదానం నలువైపులా ఉన్న ప్రేక్షకులకు ఇచ్చారు. ఇవన్నీ తెలిశాక థామస్ గోల్ చూస్తే ఆనందం తగ్గదు. కానీ అది ఎవరి ముందు, ఎలాంటి ఊరిలో పడిన గోలో కూడా కనిపిస్తుంది.

బాయర్న్ కథను కూడా అలాగే కొనసాగించి చూడవచ్చు. 1999లో కుప్పకూలిన ఆ జట్టు 2001లో క్వార్టర్ ఫైనల్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌నే ఓడించి, ఫైనల్‌లో వాలెన్సియాను పెనాల్టీలలో గెలిచింది.

8. కెమెరా ఎవరిదో అడగండి

సినిమా చివర్లో వచ్చే పేర్లు చదవండి. క్లబ్బు స్వయంగా తీయించిందా, క్లబ్బు అనుమతితో వేరేవాళ్లు తీశారా, క్లబ్బుతో సంబంధం లేకుండా తీశారా? ‘వెల్కమ్ టు రెక్సమ్’ సిరీస్‌ను నేను ఇష్టంగా చూస్తాను. అయినా, క్లబ్బు యజమానులైన నటులు రయన్ రెనాల్డ్స్, రాబ్ మెకల్‌హెన్నీలే దాని నిర్మాతల్లోనూ ఉన్నారన్నది గుర్తుంచుకోవాలి. 2022-23లో రెక్సమ్ 111 పాయింట్లతో నేషనల్ లీగ్ (ఇంగ్లండ్ ఐదో అంచె లీగ్) గెలిచింది. 2023 ఏప్రిల్ 10న నాట్స్ కౌంటీ మీద 3-2తో ముందున్నప్పుడు ఇంజురీ టైమ్‌లో వచ్చిన పెనాల్టీని బెన్ ఫోస్టర్ ఆపాడు. అద్భుతమైన ఘట్టమే. కానీ నాట్స్ కౌంటీ కూడా 107 పాయింట్లు తెచ్చుకుని రెండో స్థానంలో ఆగిందని, ప్లేఆఫ్స్ గెలిచాకే పైకి రాగలిగిందని మీ నోటుపుస్తకంలో ఉండాలి.

సినిమాలో ఎవరు మాట్లాడలేదో కూడా చూడండి. మధ్యలో వెళ్లిపోయిన కోచ్, బెంచీ మీదే ఉండిపోయిన ఆటగాడు, అమ్మేసిన కెప్టెన్. 1998 డిసెంబర్‌లో ఫెర్గుసన్ కుడిభుజం లాంటి బ్రయన్ కిడ్ బ్లాక్‌బర్న్ మేనేజర్‌గా వెళ్లిపోయాడు. ఆ బ్లాక్‌బర్నే మే 12న యునైటెడ్‌తో 0-0 డ్రా చేసుకుని కింది డివిజన్‌కు పడిపోయింది. ఇలాంటి పక్కదారి కథలు సినిమాలో లేకపోతే మీరే చేర్చుకోండి.

9. తెర, సబ్‌టైటిల్స్, వెతుకులాట

ఓటీటీ హక్కులు దేశాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి. కాబట్టి మొదలుపెట్టే ముందే అన్నీ దొరుకుతున్నాయో లేదో చూసుకోండి. పూర్తి మ్యాచ్‌ల కోసం క్లబ్బుల అధికారిక ఛానళ్లు, పోటీ నిర్వాహకుల సొంత వేదికలు ముందు వెతకాలి. పాత సీజన్లకు క్లబ్బులు అమ్మిన సీజన్ రివ్యూ డీవీడీలు ఇప్పటికీ మంచి ఆధారం. వాటిలో డాక్యుమెంటరీ వదిలేసిన నవంబర్ మ్యాచ్‌లు కూడా ఉంటాయి.

పాత ప్రసారాలు దాదాపు చదరంగా ఉండే చిత్రాలు. తెర నిండా సాగదీస్తే ఆటగాళ్లు లావుగా, మైదానం వెడల్పుగా కనిపిస్తుంది, ఆట వేగం తప్పుగా అర్థమవుతుంది. టీవీలో చిత్రం అసలు నిష్పత్తి ఉండేలా పెట్టుకోండి. కదలికలను నున్నగా చేసే సెట్టింగ్ కూడా ఆపేయండి. ఇటాలియన్, స్పానిష్ మాటలు ఉన్న సినిమాలకు డబ్బింగ్ వద్దు, సబ్‌టైటిల్స్ చాలు. ఆ గొంతులోని వణుకే మనకు కావలసింది.

10. ఎవరితో చూడాలి

రెండు రకాల మనుషులు దొరికితే అదృష్టం. ఆ సీజన్‌ను అప్పుడే చూసిన పెద్దవాళ్లు ఒకరు. వాళ్లను సినిమా మధ్యలో మాట్లాడనివ్వండి. ‘ఆ డిసెంబర్‌లో మేం ఆశ వదిలేసుకున్నాం’ అని ఎవరైనా అంటే అది ఏ ఇంటర్వ్యూ కంటే విలువైన మాట. ఇంకొకరు, ఫలితమే తెలియని పిల్లలు. వాళ్లకు ఏమీ చెప్పకండి. పోస్టర్, ఎపిసోడ్ పేర్లు, సినిమా వివరణ కూడా కనిపించనివ్వకండి, చాలాసార్లు గెలుపు వాటిలోనే ఉంటుంది. పదేళ్ల పిల్ల ఫైనల్ ఎనభయ్యో నిమిషంలో ‘ఇక ఓడిపోతారా?’ అని అడిగినప్పుడు జవాబు చెప్పకుండా ఉండండి. మనకు పోయిన టెన్షన్ వాళ్ల దగ్గర ఇంకా ఉంది.

11. వారాంతాలుగా పంచుకోవడం

నాలుగు వారాంతాలు సరిపోతాయి. మొదటి వారం ముందు సీజన్ చివరి భాగం, క్యాలెండర్ రాయడం, సినిమాలో డిసెంబర్ దాకా, మధ్యలో ఒక ఓటమి పూర్తి మ్యాచ్. రెండో వారం జనవరి నుంచి మార్చి, ఆ చప్పటి డ్రా. మూడో వారం మొత్తం ఏప్రిల్‌కే కేటాయించండి, ఎందుకంటే చాలా సీజన్లు అక్కడే తేలతాయి. నాలుగో వారం చివరి మ్యాచ్ పూర్తిగా, ఆ తర్వాత మాత్రమే సినిమా చివరి భాగం. ఈ వరుస మార్చకండి. ముందు మ్యాచ్ చూసి, ఆటగాళ్ల మాటలు తర్వాత వింటే ఆ మాటలు మనకు తెలిసిన రాత్రి గురించే అవుతాయి.

వీలైతే ఐదో వారం ఒకటి పెట్టుకుని, కప్పు తర్వాతి సీజన్‌లో ఏమైందో చూడండి. లెస్టర్ విషయంలో అది కష్టమైన వారం. టైటిల్ గెలిచిన తొమ్మిది నెలలకే, 2017 ఫిబ్రవరిలో, రనియెరీని తొలగించారు. అప్పటికి జట్టు మళ్లీ కింది డివిజన్‌కు పడిపోయే భయంలో ఉంది. చాలా డాక్యుమెంటరీలు కప్పు ఎత్తిన చోటే ఆగుతాయి. అభిమానులు మాత్రం ఆగస్టులో మళ్లీ సున్నా పాయింట్ల దగ్గర మొదలుపెట్టారు, కాబట్టి నోటుపుస్తకంలో ఇంకో పది గడులు గీసి పెట్టుకోండి.